పాట మొదలైతే చాలు, నేను గదిలో ఉండను. మీకు పగటి కల దేనివల్ల మొదలవుతుంది?

ప్రశ్న:
నాకు 27 ఏళ్లు. పదకొండో ఏట మొదలైన ఒక కథ నా తలలో ఇంకా నడుస్తూనే ఉంది. అందులో నాకో అక్క ఉంది. నిజానికి నాకు అక్క లేదు. ఆమె రెండు ఉద్యోగాలు మారింది, పెళ్లి వద్దనుకుంది, పోయిన నెల మా ఇద్దరికీ పెద్ద గొడవ కూడా అయింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు నడవడం మొదలుపెడితే చాలు, వచ్చేస్తుంది. పెదాలు కదులుతుంటాయి, ఒక్కోసారి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇదంతా ఊహేనని నాకు తెలుస్తూనే ఉంటుంది, అయినా ఆగలేను. నిన్న ఒకే పాట మళ్లీ మళ్లీ పెట్టుకుని రెండున్నర గంటలు నడిచాను. పంపాల్సిన రిపోర్టు అలాగే ఉండిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది. పాటలు మానేస్తే ఇది పోతుందా?

జవాబు 1:
ఊహేనని తెలుస్తోంది కదా, అది ముఖ్యం. భ్రమకూ దీనికీ తేడా అక్కడే ఉంది. ఇజ్రాయెల్‌లో హైఫా యూనివర్సిటీకి చెందిన ఎలీ సోమర్ 2002లో ఆరుగురు పేషెంట్ల గురించి రాస్తూ దీనికి మాల్‌అడాప్టివ్ డేడ్రీమింగ్, అంటే జీవితానికి అడ్డం పడే పగటి కలలు, అని పేరు పెట్టారు. మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకంలో ఇది విడిగా లేదు. నేను కలిసిన మొదటి డాక్టర్ ఆ పేరే వినలేదన్నారు. పాటలు, ఒకే తీరున కదలడం, ఈ రెండూ ఇలాంటివాళ్లు చాలామంది చెప్పేవే. మీకు నడక, నాకు ఉయ్యాల.

పాటలు నేనూ మానేశాను, నలభై రోజులు. అంట్లు తోముతుంటే ఆ నీళ్ల చప్పుడుకే కథ మొదలైంది! అప్పుడొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. కథలోకి వెళ్లిన ప్రతిసారీ, అంతకుముందు పది నిమిషాల్లో ఏం జరిగిందో ఒక్క లైను రాసేదాన్ని. రెండు వారాల తర్వాత తిరగేస్తే దాదాపు ప్రతి పేజీలోనూ ఒకటే సంగతి. మీటింగ్‌లోనో, ఫోన్‌లోనో, ఇంట్లోనో ఎవరో నా మాటను మధ్యలో తుంచేశారు. నా కథలో నేను మాట్లాడుతుంటే అందరూ చివరిదాకా వింటారు. అది చూసుకున్న రోజు చాలా ఏడ్చాను.

జవాబు 2:
అందరికీ బాధ నుంచే మొదలవుతుందని నేననుకోను. ఒక నవల నాకు నచ్చని చోట ముగిసిందంటే చాలు, మిగతా కథ నెలల తరబడి నేనే నడిపిస్తాను. ఏ పనీ లేకుండా ఎదురుచూడాల్సి వచ్చినా అంతే. పగటి కలల్లో మేలు చేసేవీ ఉంటాయని జెరోమ్ సింగర్ అనే సైకాలజిస్టు ఎప్పుడో చెప్పారు. నా వరకు అది నిజం. కానీ మీకు పని ఆగిపోతోంది. నిద్ర, పని, మనుషులు, వీటిలో ఏది దెబ్బతింటున్నా సైకాలజిస్టును కలవండి. పేరు తెలియకపోయినా మీ మాట శ్రద్ధగా వినేవాళ్లను వెతుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
మొదటి జవాబు చదివాక నిన్న సాయంత్రం ఏం జరిగిందో గుర్తు చేసుకున్నాను. ప్రమోషన్ వచ్చిందని చెబుదామని అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ తమ్ముడి సంగతులన్నీ చెప్పి, పనుందని పెట్టేసింది. నా విషయం చెప్పనే లేదు. గదిలోకి వెళ్లి అక్కకు చెప్పాను. జీతం ఎంత పెరిగింది, టీమ్‌లో ఎంతమంది, భయంగా ఉందా అని ఆమె అన్నీ అడిగింది.

నోట్‌బుక్‌లో మొదటి లైను ఇదే రాశాను.