బ్యాలే నేర్పడం: లోపలికి వాలే మోకాళ్లు, పాయింట్ షూస్ తొందర

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఉండేది ఇంగ్లండ్‌లో. చిన్నప్పుడు విజయవాడలో కూచిపూడి మొదలుపెట్టి, తొమ్మిదేళ్లకు ఇక్కడికొచ్చి బ్యాలేలో చేరాను. రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ వాళ్ల బ్యాలే పరీక్షల్లో గ్రేడ్ 8 అయింది. ఇప్పుడు టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను, శనివారాలు మా టీచర్‌గారికి సాయంగా క్లాసులకు వెళ్తున్నాను.

ఆరేడేళ్ల పిల్లల్ని ఫస్ట్ పొజిషన్‌లో (మడమలు కలిపి, పాదాలు బయటికి తిప్పి) నిలబెడితే పాదాలు బాగానే తిరుగుతున్నాయి, ప్లియేలో, అంటే మోకాళ్లు వంచినప్పుడు మాత్రం మోకాళ్లు లోపలికి వాలిపోతున్నాయి. ‘మోకాళ్లు బయటికి’ అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు.

ఇంకొకటి. పన్నెండేళ్ల పాప ఒకతి పోయినేడు చక్కగా చేసేది. ఈ టర్మ్‌లో ఒక్కసారిగా పొడుగైంది. ఒంటికాలి మీద నిలవలేక ఏడుస్తోంది. వాళ్లమ్మగారేమో పాయింట్ షూస్ (వేళ్ల కొసల మీద నిలబడి చేయడానికి వేసుకునే గట్టి ముక్కు బూట్లు) ఎప్పుడిస్తారని అడుగుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
చెల్లీ, మొదటిది నీకు తెలిసిందే. కూచిపూడిలో అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నప్పుడు మోకాలు పాదం వేళ్ల మీదుగా రావాలని మీ గురువుగారు చెప్పే ఉంటారు. ఇక్కడా అంతే. తిరగాల్సింది తుంటి దగ్గర. పిల్లలు పాదాన్ని నేలకు అదిమిపెట్టి తిప్పేస్తారు. తుంటి అంత తిరగదు కాబట్టి మధ్యలో మోకాలు మెలిపడుతుంది, పాదం లోపలి వంపు అణిగిపోతుంది. అందుకే మోకాళ్ల మాట వదిలేసి, పాదాలనే తక్కువ తిప్పించి వేళ్లు దగ్గరికి తెప్పించు. గడియారంలో పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య ఉన్నంత ఎడం చాలు.

నేల మీద కాళ్లు చాపి కూర్చోబెట్టు. మోకాలిచిప్పలు పైకప్పు కేసి చూడాలి. తొడలను మొత్తంగా బయటికి తిప్పమను. చిప్ప ఎంత తిరిగితే పాదమూ అంతే. అలా రెండు మూడు వారాలు చేయిస్తే వాళ్లకే తెలుస్తుంది. బార్‌కు (పట్టుకుని సాధన చేసే కమ్మీకి) పక్కగా కాకుండా ఎదురుగా, రెండు చేతులతో పట్టుకుని నిలబడనివ్వు. వగనోవా అనే రష్యన్ బ్యాలే శిక్షణ పద్ధతిలో పదేళ్ల పిల్లలకు కూడా మొదలు అక్కడే. చేత్తో సరిచేయాలంటే ముందు ‘పట్టుకోనా?’ అని అడుగు.

జవాబు:
నేను ఫిజియోథెరపిస్టును. ఆ పాప గురించి చెప్తానండి. ఈ వయసులో ఎముక ముందు పెరుగుతుంది, కండరాలు ఆ తర్వాత అందుకుంటాయి. అమ్మాయిల్లో ఈ పెరుగుదల ఎక్కువగా పన్నెండేళ్ల ప్రాంతంలో, అబ్బాయిల్లో పద్నాలుగు ప్రాంతంలో జోరుగా ఉంటుంది. బ్యాలెన్స్ తప్పడం, ఒళ్లు బిగుసుకోవడం మామూలే. ముందు ఈ సంగతి ఆ పాపకే చెప్పండి, తనకు చేతకావడం లేదని కుమిలిపోతోంది. కొన్ని నెలలు గెంతులు తగ్గించండి, కాలు తక్కువ ఎత్తుకే లేపనివ్వండి. మోకాలిచిప్ప కింద, మడమ వెనక నొప్పి అంటే ఓర్చుకోమనకండి, డాక్టరుకు చూపించమనండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒళ్లు మారుతున్న ఈ రోజుల్లో బరువు గురించి ఒక్క మాట కూడా అనకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. అక్కా, మరి పాయింట్ షూస్ సంగతి?

జవాబు:
ఇప్పుడు వద్దు. పదకొండు, పన్నెండుకు ముందు మామూలుగా ఇవ్వరు, కానీ వయసు వచ్చినంత మాత్రాన ఇచ్చేది కాదు. కొన్నేళ్లు క్రమం తప్పకుండా నేర్చుకుని ఉండాలి. వారానికి ఒక్క క్లాసుకే వచ్చే పిల్లకు పద్నాలుగొచ్చినా నేనివ్వను. ఒంటికాలి మీద మునివేళ్లపైకి లేచి, మోకాలు వంగకుండా, చీలమండ పక్కకు వాలకుండా నెమ్మదిగా దిగగలగాలి. పాదం చాచితే కాలితో ఒకే గీతలో రావాలి. నడుము జారకూడదు.

నెలకోసారి ఎత్తు కొలిచి రాసిపెట్టు. పెరగడం నెమ్మదించాక ఇవన్నీ మళ్లీ చూడొచ్చు. కొనే రోజు వచ్చినప్పుడు తొడిగి చూసే దుకాణానికే పంపు. పిల్ల పెరుగుతుంది కదా అని మనవాళ్లు ఒక సైజు పెద్దది తీసుకుంటారు, ఇందులో అది పనికిరాదు. పాదం లోపలికి జారి వేళ్ల మీద భారమంతా పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అమ్మగారితో నేనే మాట్లాడనా?

జవాబు:
వద్దమ్మా, మీ టీచర్‌గారిని మాట్లాడమను. నువ్వు పక్కన ఉండి విను.