పాకాలలో కూడా కోరింగలాగా చెక్కబాట వేయాలా, వద్దా?

హన్మకొండ నడకరి:
పోయిన నెల అమ్మను తీసుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ పోయి, అక్కడి నుంచి కోరింగ అభయారణ్యం చూసొచ్చాం. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. రామప్ప గుడి అరుగు ఎక్కాలన్నా చెయ్యి పట్టుకోవాలి. అలాంటిది మడచెట్ల మధ్య చెక్కబాట మీద ఒక్కతే నడిచింది. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. కింద బురదలో ఒక పీత, దానికి ఒక చెయ్యే పెద్దగా ఉంది, ఊరికే ఊపుతోంది. "నన్నే పిలుస్తుందిరా" అని అమ్మ పావుగంట కదల్లేదు.

మనకు పాకాల 50 కిలోమీటర్లే. చెరువుంది, అడవుంది. కానీ అమ్మలాంటి వాళ్లు కట్ట మీద నిలబడి చూడటమే, అడవిలోకి నాలుగడుగులు వేయలేరు. ఒక కిలోమీటరు చెక్కబాట వేస్తే ఏం పోతుంది?

కాజీపేట జంక్షన్:
చదును బాట మీద నడిస్తే దాన్ని వాకింగ్ అంటారు అన్నా. దానికి భద్రకాళి బండ్ చాలు.

మడచెట్టు:
ఎగతాళి పక్కన పెట్టండి. కోరింగలో చెక్కలు ఎందుకు వేశారో ముందు చూడాలి. అది గోదావరి సముద్రంలో కలిసే చోటు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, నీళ్లు చెట్ల మొదళ్ల దాకా ఎక్కి మళ్లీ తీస్తాయి. నేలంతా బురద, కాలు పెడితే పిక్క దాకా దిగుతుంది. ఆ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉండేవి మడచెట్ల వేర్లు, వాటితోనే గాలి పీల్చుకుంటాయి. జనం వాటిని తొక్కితే చెట్టుకే ముప్పు. బాట మనుషుల కోసం ఎంతో, వేర్ల కోసమూ అంతే.

పాకాలలో బురద ఏది? ఎర్ర మొరం నేల. అక్కడ చెక్క వేయడమంటే ఫొటోల కోసమే.

హన్మకొండ నడకరి:
అక్కా, మొరం నేల మీకు నడిచేలా ఉంటుంది. అమ్మకు గులకరాయి కాలి కింద దొర్లితే చాలు. పోయినసారి పడబోతే నేను పట్టుకున్నాను.

నర్సంపేట నీళ్లు:
మాది పాకాల దగ్గరే. తమ్మీ, మీ అమ్మ బాధ అర్థమైంది. కానీ నువ్వు అడవిని ఎండాకాలం చూసినట్టు లేదు. శివరాత్రి దాటితే టేకు ఆకు మడమ దాకా పడి ఉంటుంది, అడుగేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. ఎవడో బీడీ ముక్క పారేస్తే చాలు. కోరింగ అడవి ఏడాదంతా పచ్చగా, కింద తడిగా ఉంటుంది కాబట్టి అక్కడ చెక్కకు ఆ భయం లేదు. ఇక్కడ చెక్కబాట అంటే మంటకు మనమే దారి వేసినట్టు. మంట నుంచి తప్పించుకుంటే చెదలు. మా ఇంటి దర్వాజనే తినేశాయి, అడవిలో చెక్కను వదులుతాయా?

ఇంకోటి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు ఒక్క దెబ్బకు పడ్డాయి. అలాంటిది ఇక్కడొస్తే బాట ఎవరు బాగుచేస్తారు? మన దగ్గర కట్టేటప్పుడు రిబ్బన్ కత్తిరించడానికి పదిమంది ఉంటారు. మేకు ఊడినప్పుడు ఒక్కడూ ఉండడు.

కాజీపేట జంక్షన్:
అంతే కాదు, బాట వేస్తే స్పీకర్ బాక్సులు కూడా వస్తాయి. తర్వాత చిప్స్ ప్యాకెట్లు, వాటి వెంట కోతులు.

గణపురం గట్టు:
మా అన్న వీల్‌చైర్‌లో ఉంటాడు. జనం చెత్త వేస్తారని మా అన్నను అడవికి రావద్దంటారా? చెత్త వేసేవాళ్లు బాట లేకపోయినా వేస్తూనే ఉన్నారు కదా.

చెక్క వద్దు, ఒప్పుకుంటాను. సిమెంట్ అసలే వద్దు. గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో మట్టితో పోసిన కట్ట ఇప్పటికీ నీళ్లాపుతోంది. మనమూ మట్టితోనే చేద్దాం. కట్ట దిగినచోట మొరం పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పితే వీల్‌చైర్ పోతుంది. కాకపోతే నీటి అంచుకు దూరంగా, చెరువులో మొసళ్లున్నాయి.

నర్సంపేట నీళ్లు:
ఇది బాగుంది. కానీ నెల తిరక్కుండా దాని మీద బైకులు తిరుగుతాయి.

గణపురం గట్టు:
మొదట్లో రెండు రాతి కడీలు పాతితే సరి.

నర్సంపేట నీళ్లు:
బైక్ హ్యాండిల్, వీల్‌చైర్ ఇంచుమించు ఒకే వెడల్పు అన్నా. బైక్ పట్టకపోతే మీ అన్న కుర్చీ కూడా ఇరుక్కుంటుంది.

మడచెట్టు:
కడీల మధ్య నేరుగా కాకుండా వంకర తిప్పితే? కుర్చీ మెల్లగా తిరుగుతుంది, బైక్ పొడుగు కాబట్టి తిరగదు. ఏదైనా పాకాల 1952 నుంచి అభయారణ్యం, అటవీ శాఖ ఒప్పుకోనిది గుప్పెడు మొరం కూడా పోయలేం.

హన్మకొండ నడకరి:
చెక్కబాట మాట వెనక్కి తీసుకుంటున్నాను. అడగాలంటే కొలతలతో అడగాలి. ఆదివారం పొద్దున 6 గంటలకు నర్సంపేట బస్టాండ్‌లో ఉంటాను, టేపు నేను తెస్తాను. గట్టు అన్నా, మీ అన్నను కూడా తీసుకురండి, ఆ వంకర ఎంత ఉండాలో ఆయన కుర్చీతోనే చూద్దాం.