హెపటైటిస్ సి ఉంటే డయాలసిస్ మెషీన్ వేరు చేయాలా? ఇంట్లో కంచం, గ్లాసు సంగతేంటి?

కవిటి కొబ్బరి (చర్చ మొదలుపెట్టినవారు)

ఉద్దానంలో డయాలసిస్ మాట తెలియని ఊరు లేదు. వారానికి రెండు మూడుసార్లు పలాసకో, సోంపేటకో, టెక్కలికో వెళ్ళొచ్చే మనిషి రిపోర్టులో ‘యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్’ అని పడిందంటే చాలు, ఇంట్లో కంచం, గ్లాసు, మంచం వేరైపోతాయి. అవతల సెంటర్లో మిగతా పేషెంట్ల వాళ్ళు “ఆయన్ని మా మెషీన్ మీద వేయొద్దు” అని గొడవ పెట్టుకుంటారు. ఇందులో ఏది భయం, ఏది జాగ్రత్త? మెషీన్ విషయంలో డాక్టర్లదే ఒక మాట కాదంటారు. తెలిసినవాళ్ళు కారణం చెప్పి వాదించండి. ‘ధైర్యంగా ఉండండి’ రకం జవాబులు వద్దు.

ల్యాబ్ కోటు

మెషీన్ దాకా పోయే ముందు ఆ కాగితం సరిగ్గా చదవాలి. యాంటీ హెచ్‌సీవీ (హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్) అనేది వైరస్ పరీక్ష కాదు. వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని చెప్పే యాంటీబాడీ పరీక్ష. ఇప్పుడు రక్తంలో వైరస్ ఉందో లేదో చెప్పేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ. కొందరికి మందు లేకుండానే వైరస్ పోతుంది. చాలామందికి మందుతో పోతుంది. ఎలా పోయినా యాంటీబాడీ మాత్రం ఏళ్ళ తరబడి, తరచు జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. అంటే పూర్తిగా నయమైన మనిషి రిపోర్టు కూడా ‘రియాక్టివ్’ అనే చెబుతుంది. ఆ ఒక్క ముక్క చూసి గ్లాసు వేరు చేసే ఇళ్ళున్నాయి.

దీనికి తిరగమరక కూడా ఉంది. డయాలసిస్ మనిషికి రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి, వైరస్ ఉన్నా యాంటీబాడీ ఆలస్యంగా రావచ్చు, రాకపోనూవచ్చు. కాబట్టి ‘నాన్ రియాక్టివ్’ పక్కన పడుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. డయాలసిస్‌లో చేరేటప్పుడు ఆర్‌ఎన్‌ఏ, తర్వాత ఆరు నెలలకోసారి పరీక్ష అనేది అందుకే.

నాలుగో షిఫ్టు

పై మాట పట్టుకునే చెబుతున్నా, సి కి మెషీన్ వేరు చేయడం అనవసరం. అసలు రక్తం మెషీన్ లోపలికి వెళ్ళదు. రక్తం తిరిగేది ట్యూబుల్లో, దాన్ని వడకట్టే డయలైజర్లో. మెషీన్ లోపల తిరిగేది డయాలసిస్ ద్రవం. రెంటికీ మధ్య డయలైజర్ పొర ఉంటుంది. దాని రంధ్రాలు కొన్ని నానోమీటర్లు, వైరస్ 50 నానోమీటర్ల పైమాటే. పొర చిరిగితే తప్ప దాటదు. చిరిగితే మెషీన్లోని బ్లడ్ లీక్ డిటెక్టర్ మోగుతుంది.

లోపలికి దారి ఉన్న చోటు ఒకటుంది. ప్రెషర్ చూసే సన్న గొట్టం చివర రూపాయి బిళ్ళంత తెల్ల ఫిల్టర్ ఉంటుంది, ట్రాన్స్‌డ్యూసర్ ప్రొటెక్టర్ అంటారు. ప్రెషర్ ఎక్కి రక్తం ఎగదన్నితే అది తడుస్తుంది, ఎర్రబడుతుంది. వెంటనే మార్చాలి. ఆ పేషెంటు దిగాక మెషీన్ వైపు కూడా రక్తం మరక ఉందేమో విప్పి చూడాలి. తడిసినదాన్ని సిరంజితో గాలి కొట్టి ఆరబెట్టి వాడేస్తే మాత్రం భయపడాల్సిందే.

సి పాకేది ప్రధానంగా చేతుల మీద. ఒక ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన చోటు) నొక్కిన గ్లవ్సుతోనే పక్క మెషీన్ అలారం బటన్ నొక్కడం, రక్తం పడ్డ కుర్చీ చెయ్యి తుడవకుండా రెండో మనిషిని కూర్చోబెట్టడం, ఒకే ట్రాలీని బెడ్డు బెడ్డుకీ తోసుకుపోవడం. అన్నిటికన్నా చెడ్డది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సీసా. 5 మి.లీ. సీసాలో 25,000 యూనిట్లుంటాయి, నలుగురైదుగురికి సరిపోతుంది. వాడిన సిరంజిని మళ్ళీ అందులో గుచ్చితే ఆ షిఫ్టు మొత్తానికీ పంచినట్టే. మందు విడిగా శుభ్రమైన బల్ల మీద తీయాలి, ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూది. సీసా బెడ్డు దగ్గరకి రానే కూడదు.

నాగావళి గట్టు

మీరు చెప్పినదంతా పుస్తకంలో ఒప్పు. సెంటర్ పుస్తకంలో నడవదు. సెషన్ నాలుగు గంటలు, రోజుకి మూడు షిఫ్టులు, బయట బస్సు వేళ దాటిపోతుందని పేషెంట్ల తొందర. ఒక షిఫ్టు దిగి ఇంకొకటి ఎక్కే సందులో ఒక్కో టెక్నీషియన్ నలుగురైదుగురిని చూడాలి. హైపోక్లోరైట్‌తో (బ్లీచింగ్ ద్రవం) తుడిచాక పది నిమిషాలు తడిగా ఉండాలన్న నియమం ఎక్కడ నిలబడుతుంది? గ్లవ్సు మార్చడం మానేసే రోజులు తప్పవు అనుకున్నప్పుడు, ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ ఉన్నవాళ్ళని ఒక మూలకి చేర్చి, ఆ షిఫ్టులో వాళ్ళని చూసే మనిషిని వేరు చేస్తే పొరపాటు జరిగినా నష్టం ఆ మూలలోనే ఆగుతుంది. మన దేశంలో చాలా సెంటర్లు సి కి మెషీన్ వేరు పెట్టుకున్నది వెర్రితనంతో కాదు.

నాలుగో షిఫ్టు

మనిషిని వేరు చేయడమన్నది మంచి మాటే, అక్కడ మీతో తగువు లేదు. మెషీన్ మీద ‘సి’ అని స్టిక్కర్ అంటించడంతోనే నా తగువు. ఆ స్టిక్కర్ లేని మెషీన్లన్నీ ‘క్లీన్’ అనుకుని చేతులు సడలిపోతాయి. ల్యాబ్ కోటు చెప్పిన ఆ తెలియని పాజిటివ్ కూర్చునేది ఆ క్లీన్ మెషీన్ మీదే. కిడ్నీ జబ్బులకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే కేడిగో 2018లోనూ, 2022లోనూ సి కి ప్రత్యేక మెషీన్ సిఫారసు చేయలేదు. హెచ్‌ఐవీకీ అక్కర్లేదు.

హెపటైటిస్ బి మాటకొస్తే నేనే వేరు గది, వేరు మెషీన్, వేరు స్టాఫ్ అంటాను, ఆ డయలైజర్ని కడిగి మళ్ళీ వాడడమూ ఉండకూడదు. బి రక్తంలో విపరీతమైన సంఖ్యలో ఉంటుంది, ఎండిన మరకలో ఏడు రోజులైనా బతికుంటుంది. బి కి టీకా ఉంది, సి కి లేదు. సి ని నయం చేసే మందుంది, బి ని పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. జనం ఈ రెంటినీ కలిపేసి ‘కామెర్ల వైరస్’ అనేస్తారు, సగం భయం అక్కడ పుట్టిందే.

నాగావళి గట్టు

సరే, స్టిక్కర్ వద్దు, మూల ఉండాలి. నయమైన మనిషి ఆ మూలలోంచి ఎప్పుడు బయటికి రావాలో కూడా రాసిపెట్టండి మరి.

ల్యాబ్ కోటు

మందు కోర్సు అయిన 12 వారాలకి ఆర్‌ఎన్‌ఏ చేస్తారు. అందులో వైరస్ లేకపోతే నయమైనట్టే. ఆ కాగితం ఫైల్లో పైనే పెట్టుకోవాలి. మందు సాధారణంగా సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ 12 వారాలు. 2018 జూలై 28న మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షా, మందూ ఉచితం. కిడ్నీ పోయినవాళ్ళకి సోఫోస్‌బువిర్ పనికిరాదన్నది పాత మాట. అయితే ఒకసారి నయమైతే మళ్ళీ రాదని లేదు, ఆరు నెలలకోసారి ఆర్‌ఎన్‌ఏ చూస్తూ ఉండాలి. యాంటీబాడీ పరీక్ష వాళ్ళ విషయంలో ఇక పనికిరాదు.

జీడిచెట్టు

ఇంటి సంగతి ఎవరూ ముట్టుకోలేదు. కంచం, గ్లాసు, దుప్పటి, కుళాయి, మరుగుదొడ్డి, దగ్గు, ముద్దు, దోమకాటు, వీటిలో దేనివల్లా సి రాదు. చంటిపిల్లని ఒళ్ళో వేసుకోవచ్చు. ఒకే గిన్నెలో చద్దన్నం కలుపుకు తినొచ్చు. భార్యాభర్తల మధ్య కూడా వచ్చే అవకాశం చాలా తక్కువ, ఒక్కసారి పరీక్ష చేయించుకుంటే చాలు.

వేరు చేయాల్సినవాటిని మాత్రం ఎవరూ వేరు చేయరు. షుగరు చూసే పెన్ను చూడండి. డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళలో షుగరున్నవాళ్ళు ఎక్కువే, ఇంట్లో ఇంకొకరికీ షుగరుంటుంది. సూది మార్చినా పెన్ను మూతి లోపల రక్తం అంటుకుని ఉంటుంది. పెన్నే వేరుండాలి. రేజరు, టూత్‌బ్రష్, గోళ్ళు తీసేది కూడా అంతే. గడ్డం ఇంటికొచ్చి గీసే మంగలి అయితే బ్లేడు మీ ఎదుటే కాగితం విప్పి సగానికి విరవాలి, పాత ముక్క తీసేసిన హోల్డరు నోరు తుడవాలి. పటిక రాస్తే రక్తం ఆగుతుంది, వైరస్ చావదు.

ఇంక ఫిస్టులా. ఇంటికొచ్చాక కట్టు ఊడి రక్తం కారితే చుట్టూ చేరి ఏడవడం కాదు. గ్లవ్సు లేకపోతే చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, మడిచిన శుభ్రమైన గుడ్డతో రంధ్రం మీద రెండు వేళ్ళతో 15 నిమిషాలు వదలకుండా నొక్కాలి. మధ్యమధ్య ఎత్తి చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఆగకపోయినా, ధారగా వస్తున్నా నొక్కి పట్టుకునే 108కి ఫోన్ చేయాలి. నేల మీద పడిన రక్తాన్ని ముందు పాత గుడ్డతో అద్ది తీసి, ఆ చోట లీటరు నీళ్ళకి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగి తుడవాలి.

కవిటి కొబ్బరి

మంచిది. ఇంకొక్కటి. ఇవన్నీ విన్నాక కూడా ఇంట్లో ఎవరో ఒకరు నెలనెలా పరీక్షకి పరిగెడతారు. ఆపాలా, పోనివ్వాలా?

ల్యాబ్ కోటు

ఆపాలి. సూది గుచ్చుకోవడమో, తెగిన చోట రక్తం పడడమో జరిగితే లెక్క వేరు. అప్పుడు సబ్బుతో కడిగి, వెంటనే ఒక యాంటీ హెచ్‌సీవీ, 3 నుంచి 6 వారాల మధ్య ఆర్‌ఎన్‌ఏ, 4 నుంచి 6 నెలల మధ్య చివరి యాంటీ హెచ్‌సీవీ. అంతే, ఇక నాలుగోది, ఐదోది లేదు. అలాంటిదేమీ జరక్కుండా గ్లాసు మారిందని చేయించుకునే పరీక్ష భయాన్ని తగ్గించదు. నెగెటివ్ వచ్చిన వారం ప్రశాంతంగా ఉంటారు, తర్వాత ‘ల్యాబు తప్పేమో’ అని మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు ‘రాదులే, రాదులే’ అని రోజుకి పదిసార్లు చెప్పడం కూడా ఆ పరీక్ష లాంటిదే. ఒకసారి వివరంగా చెప్పి, మళ్ళీ అడిగితే “నిన్న చెప్పాను కదా” అని ఊరుకోవాలి. నిద్ర, తిండి పోయే దాకా వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

నాలుగో షిఫ్టు

జీడిచెట్టు గారికి చిన్న చేర్పు. ఆ 15 గ్రాముల లెక్క తాజా పౌడరుకి, అంటే మూడోవంతు క్లోరిన్ ఉన్నదానికి. సంచి విప్పి వర్షాకాలమంతా మూల పడేసినదైతే ఘాటు తగ్గి ఉత్త సున్నంలా ఉంటుంది, అది పారేయండి. కలిపిన నీళ్ళు ఆ రోజుకే. స్టీలు సామాన్ల మీద పోయకండి, మచ్చలు పడతాయి. సామాన్లకి మామూలు సబ్బు చాలు.