అమ్మ మా ఊరి చర్చి సంఘాన్ని ఎందుకు వదలడం లేదు? మీలో ఎవరైనా చెప్పగలరా

మాది ఒంగోలు వైపు పాత బాప్టిస్టు కుటుంబం. 1878లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మా తాతలు కూడా ఆ తరంలోనే నమ్ముకున్నారట.

ఇప్పుడు మా ఊరి సంఘంలో కమిటీ కోసం రెండు వర్గాలయ్యాయి. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీదే అరుచుకుంటున్నారు. సగం మంది టౌన్‌లో కొత్తగా పెట్టిన మందిరానికి వెళ్లిపోయారు. అక్కడ కీబోర్డు, డ్రమ్స్, మంచి వాక్యం ఉన్నాయి, కాదనను. మా అన్నయ్య కూడా అమ్మను అక్కడికే రమ్మంటున్నాడు.

అమ్మకు 68 ఏళ్లు. కదలనంటోంది. పొద్దున అన్నం వండేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి కానుక డబ్బాలో వేయడం మానలేదు. నాన్న పోయినప్పుడు స్త్రీల సమాజం వాళ్లు వారం రోజులు మా ఇంట్లోనే పడుకున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు అవతలి వర్గంలో ఉన్నారు. అయినా కోత పండుగకు అమ్మ వాళ్లలో ఒకామె పక్కనే కూర్చుంది. ఎందుకమ్మా అంటే, "పాట పుస్తకం ఆమె దగ్గరే ఉంది కదా" అంది. నాకు ఏడుపొచ్చింది.

గొడవల మధ్య కూడా ఇరవై, ముప్పై ఏళ్లుగా ఒకే సంఘంలో ఉన్న పెద్దలు దయచేసి చెప్పండి. మిమ్మల్ని నిలబెట్టింది మనుషులా, సమాధుల తోటలో ఉన్న మీవాళ్లా, లేక విశ్వాసమేనా? అమ్మను మార్చమని అన్నయ్య నన్ను పంపుతున్నాడు. నాకేమో మాట్లాడటానికి నోరు రావడం లేదు. అసలు మాట్లాడాలా, వద్దా?