అప్‌డేట్: ‘మా తెలుగు తల్లికి’ సినిమా పాటేనా? తేలిపోయింది

నా ప్రశ్న ఇది: ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ 1942 నాటి ‘దీనబంధు’ సినిమాకి రాసిందంటారు, మరి ఆ సినిమాలో ఎందుకు లేదు?

జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. ‘సినిమా పాటల్లో కాదు, ప్రైవేటు రికార్డుల్లో వెతకండి’ అన్న సలహాతోనే ముడి వీడింది. శంకరంబాడి సుందరాచారి రాసింది చిత్తూరు నాగయ్య నటించిన ఆ సినిమా కోసమే, కానీ తీసినవాళ్లు వాడుకోలేదు. తర్వాత టంగుటూరి సూర్యకుమారి పాడగా హెచ్‌.ఎం.వి. గ్రామఫోను రికార్డుగా తెచ్చింది. జనం నోళ్లలో నానింది ఆ రికార్డు వల్లే. కాబట్టి వెతికేవాళ్లు సినిమా పేరుతో కాక గాయని పేరుతో వెతకాలి.

రీళ్లు పోయి పాట ఎగిరిపోయి ఉంటుందన్న నా అనుమానానికి అసలు సంబంధమే లేదు. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు రాశారన్న మాటా నిలవదు: ఆంధ్ర రాష్ట్రం 1953లో, ఆంధ్రప్రదేశ్ 1956లో వచ్చాయి, పాట అంతకు పదేళ్లకు పైగా పాతది. పాటలోనే చూడండి: గోదారి, కృష్ణమ్మ, అమరావతి శిల్పాలు, త్యాగయ్య, తిక్కయ్య, ఓరుగల్లు రుద్రమ్మ, విజయనగర కృష్ణరాయలు. సరిహద్దు గీతలతో పనిలేని జాబితా అది. త్యాగయ్య ఉన్నది తంజావూరు సీమలో కదా!

ఇంకో చిక్కు: ఈ పాట ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం, తెలంగాణ అధికారిక గీతం వేరు. 2024 నుంచి అది అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’. పాత పుస్తకాల్లో ‘రాష్ట్ర గీతం’ అని కనిపిస్తే అచ్చయిన సంవత్సరం చూసుకోండి.