రివాల్వర్‌కు పెద్ద గ్రిప్పులు: చిత్తూరు తమ్ముడి ప్రశ్న, నా జవాబు

ప్రశ్న (చిత్తూరు తమ్ముడు, డాలస్ వచ్చి నాలుగు నెలలు):

అందరికీ నమస్కారం. గ్రీన్ కార్డు మీద వచ్చాను. ఆఫీసులో ఒకాయన వాళ్ళ క్లబ్బుకు తీసుకెళ్తే రివాల్వర్ మ్యాచ్‌లు బాగా నచ్చాయి, సెకండ్ హ్యాండ్‌లో స్మిత్ అండ్ వెసన్ 686 కొన్నాను. యాభై తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతోంది. క్లబ్బులో అందరూ పెద్ద గ్రిప్పులు, అంటే పిడికి రెండు పక్కలా బిగించే పలకలు, వేసుకో అంటున్నారు. ఏవి కొనాలి? ఇంట్లో నేనే బిగించుకోవచ్చా? మన జిల్లా వాళ్ళు ఎవరైనా చెబితే ధైర్యంగా ఉంటుంది.

జవాబు (తిరుపతి అన్న):

తమ్ముడూ, నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి నీ వరకు సరే. కానీ ఇది చదివే మిగతా పిల్లలకు ముందు ఒక మాట చెప్పాలి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు అమెరికాలో తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఫ్రెండ్ తుపాకీయే కదా, రేంజ్‌లో ఒక్కసారి పట్టుకుంటే ఏమవుతుంది అనుకోవద్దు, ముందు లాయర్‌ను అడగండి.

ఇక గ్రిప్పు సంగతి. చేయి నొప్పి పుడితే పిడి లావు చెయ్యాలి అనుకుంటాం, నేనూ అలాగే అనుకుని మొదటి సంవత్సరం పాడు చేసుకున్నాను. మన ఊళ్ళో చెరుకు కొట్టే కత్తికి పిడి వేయించేటప్పుడు అరచేతికి నిండుగా ఉందా లేదా అని చూస్తే చాలు, ఎందుకంటే అక్కడ వేళ్ళన్నీ చేసే పని ఒకటే, పట్టుకోవడం. రివాల్వర్‌లో అలా కాదు. నాలుగు వేళ్ళు పట్టుకుంటే చూపుడు వేలు ఒక్కటే ట్రిగ్గర్ లాగాలి, అదీ డబుల్ యాక్షన్‌లో, అంటే వెనక సుత్తిని ముందే చేత్తో లాగిపెట్టకుండా ట్రిగ్గర్‌తోనే లాగి కాల్చేటప్పుడు, పది పన్నెండు పౌండ్లు, అంటే దాదాపు ఐదు కిలోల బరువు. కాబట్టి గ్రిప్పును అరచేతి నుంచి కాదు, చూపుడు వేలి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ ఎంచుకోవాలి.

ఇలా చూడు. తుపాకీ పూర్తిగా ఖాళీ చెయ్యి, సిలిండర్ (తూటాలు పట్టే గుండ్రటి భాగం) తెరిచి ప్రతి రంధ్రమూ కళ్ళతో చూడు, తూటాలన్నీ ఇంట్లో వేరే గదిలో పెట్టు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే చీలికను ఫ్రేమ్ (తుపాకీ లోహపు చట్రం) వెనక వీలైనంత పైకి ఆనించు. బ్యారెల్ నీ ముంజేతికి సూటిగా ఉండాలి. ఇప్పుడు వేలు ట్రిగ్గర్ మీద పెట్టు. డబుల్ యాక్షన్‌కు వేలి మొదటి కణుపు గీత దాకా రావాలి, కనీసం దాని దగ్గరికైనా రావాలి. వేలి కొన మాత్రమే అందుతుంటే, లేదా అందుకోవడానికి చేతిని పక్కకు తిప్పాల్సి వస్తుంటే, ఆ గ్రిప్పు నీకు ఎక్కువ. చెయ్యి అలా పక్కకు తిరిగితే, కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ ముంజేతిలోకి పోకుండా నేరుగా బొటనవేలి కీలు మీద పడుతుంది. నీ నొప్పి అదేనని నా అనుమానం. అంటే పెద్ద గ్రిప్పు వేస్తే అది తగ్గదు, పెరుగుతుంది.

ఒకవేళ నీ చేయి పెద్దదై, నడిమి వేలి కొన బొటనవేలి కింద కండలో గుచ్చుకుంటుంటే మాత్రం క్లబ్బు వాళ్ళ మాట నిజం, నీకు పెద్దదే కావాలి.

చిన్న చేతుల వాళ్ళకు ఒక దారి ఉంది. ఫ్రేమ్ వెనక లోహాన్ని కప్పకుండా వదిలేసే గ్రిప్పులు తీసుకుంటే ట్రిగ్గర్ దగ్గరవుతుంది, పక్కల మాత్రం అరచేతిని నింపేంత లావు ఉండొచ్చు. వెనక కూడా రబ్బరు కప్పినవి దెబ్బను మెత్తగా చేస్తాయి గానీ ట్రిగ్గర్‌ను దూరం జరుపుతాయి. వేళ్ళు కూర్చునే గాడులు ఉన్నవి నీ వేళ్ళు సరిగ్గా వాటిలో కూర్చుంటేనే కొను, ఒక్క వేలు గట్టు మీద పడినా పట్టు అంతా చెడిపోతుంది.

నీ 686ది ఎల్ ఫ్రేమ్, ఈ అక్షరాలు స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ ఫ్రేమ్ సైజులు. కె, ఎల్ ఫ్రేములకు గ్రిప్పులు ఒకటే. కానీ పిడి లోపలి లోహం అడుగు గుండ్రంగా ఉందా (రౌండ్ బట్) మూలలుగా ఉందా (స్క్వేర్ బట్) చూసుకో, పాత 686లలో స్క్వేర్ ఉంటాయి. రౌండ్ బట్ మీద స్క్వేర్ ఆకారం వచ్చేలా చేసిన గ్రిప్పులు దొరుకుతాయి, స్క్వేర్ బట్ మీద రౌండ్ ఆకారం మాత్రం కుదరదు.

నేను మోసపోయింది ఇంకో చోట. మొదట కొన్న చెక్క గ్రిప్పు చూడటానికి ఎంత అందంగా ఉండేదో! మ్యాచ్‌లో స్పీడ్‌లోడర్ (తూటాలన్నీ ఒకేసారి సిలిండర్‌లోకి నింపే పరికరం) పెడుతుంటే ఎడమ పక్క చెక్కకు తగిలి నిలబడిపోయింది, కాల్చేసిన తూటా ఖాళీ తొడుగు ఒకటి అక్కడే ఇరుక్కుంది. మ్యాచ్‌లో ఆ రౌండు అంతా పోయింది, ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. 1999లో జెర్రీ మికులెక్ అనే పేరున్న అమెరికన్ షూటర్ రివాల్వర్‌తో, మధ్యలో రీలోడ్ చేసి (మళ్ళీ తూటాలు నింపి) 12 తూటాలు 2.99 సెకన్లలో కాల్చాడు. అంతటి వేగం మనకు అక్కర్లేదు గానీ రీలోడ్‌లో చెక్క అడ్డం వస్తే ఎంత సాధన చేసినా ఫలితం ఉండదు. ఎడమ పలక పైభాగం లోపలికి చెక్కి ఉందా లేదా అని, నీ స్పీడ్‌లోడర్‌తోనే, డమ్మీ తూటాలతో, కొనే ముందే చూసుకో.

బిగించడం కష్టమేమీ కాదు. స్క్రూ గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవర్ తీసుకో. స్క్రూ నాలుగు చుట్లు వదులు చేసి దాని తల మీద బొటనవేలితో నొక్కు, అవతలి పలక దానంతట అదే లేస్తుంది. అంచులో ఏదో దూర్చి పెళ్ళగించొద్దు. గ్రిప్పు తీశాక ఫ్రేమ్ ముందు వైపు కింద ఒక చిన్న స్క్రూ కనిపిస్తుంది, అది మెయిన్‌స్ప్రింగ్‌ను (సుత్తిని కొట్టించే స్ప్రింగును) బిగించి ఉంచేది, దాని జోలికి పోవద్దు. అది వదులైతే సుత్తి దెబ్బ చాలక తూటా పేలకపోవచ్చు.

కొత్త చెక్క ఊగుతుంటే స్క్రూ ఇంకా బిగించి సరిచెయ్యాలని చూడకు, రంధ్రం దగ్గర పగులుతుంది. ఫ్రేమ్‌కు పల్చగా కాటుక రాసి పలకను నొక్కి తియ్యి. నల్లగా అంటిన చోటే చెక్క ఎక్కువ ఉన్నట్టు. అక్కడ మాత్రం సన్న గరుకు కాగితంతో కొంచెం రుద్ది మళ్ళీ చూడు. నాకు ఒక్క పలకకు రెండు సాయంత్రాలు పట్టింది. చివర బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ పట్టిస్తే ఆ గుడ్డను ముద్దగా పడేయొద్దు, విప్పి ఆరబెట్టు, ముద్దగా ఉంటే దానంతట అదే అంటుకుంటుంది.

మళ్ళీ ప్రశ్న (చిత్తూరు తమ్ముడు):

అన్నా, చాలా థ్యాంక్స్. వేలి కొనే అందుతోంది, మీరు చెప్పిందే నిజం. ఒక ఆలోచన. మా మామకు మాధవమాలలో చెక్క బొమ్మలు చేసేవాళ్ళు తెలుసు. కొలతలు పంపితే ఎర్రచందనంతో చేయించి, వచ్చే నెల అమ్మ వచ్చేటప్పుడు ఆమె బ్యాగులో పంపిస్తానంటున్నాడు.

జవాబు (తిరుపతి అన్న):

వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. మాధవమాల వాళ్ళ చేతి పని నాకూ ప్రాణం, మా ఇంట్లో వాళ్ళు చెక్కిన వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. కానీ ఎర్రచందనం సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న చెట్టు, శేషాచలం అడవుల్లో దాని కోసం ఎంతమంది జైలు పాలయ్యారో నీకు తెలుసు. అనుమతులు లేకుండా ఆ చెక్క బ్యాగులో, అదీ తుపాకీ పిడి ఆకారంలో దొరికితే, రేణిగుంట ఎయిర్‌పోర్టులోనో చెన్నైలోనో అమ్మను కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. నీ సరదా కోసం ఆమెకు ఆ టెన్షన్ పెట్టకు.

ఇక్కడ వాల్‌నట్ చెక్క గ్రిప్పులు బోలెడు దొరుకుతాయి. వెనక తెరిచి ఉన్నవి, కొంచెం లావుగా ఉన్నవి తీసుకో, తగ్గించుకోవచ్చు గానీ తర్వాత అతికించలేం. అవి వచ్చేదాకా తుపాకీ మీద ఉన్న రబ్బరు గ్రిప్పుతోనే, ఖాళీ తుపాకీ పైన ఒక ఖాళీ తొడుగు నిలబెట్టి ట్రిగ్గర్ లాగుతూ సాధన చెయ్యి. తొడుగు పడిపోతుంటే చెయ్యి ఎటు తిరుగుతోందో గమనించి నాకు రాయి. వచ్చే శనివారం నేనూ డాలస్ వైపు వస్తున్నాను, నా గ్రిప్పులు మూడు జతలు తెస్తాను, నీ తుపాకీకి వేసి చూద్దాం.