పాపను కాలేజీకి పంపాలి, ఏది ముందు చూసుకోవాలి? (రాయగడ)

రాయగడ_అమ్మ: మేం ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లం. మా పాప ప్లస్ టూ సెకండియర్, సైన్సు. భువనేశ్వర్ అయినా విశాఖ అయినా హాస్టలే. ఇంతవరకు ఒక్కతే రైలెక్కలేదు. కాగితాలా, డబ్బా, ధైర్యమా, ఏది ముందు చూసుకోవాలి? పిల్లల్ని పంపినవాళ్లు చెప్పండి.

గుణుపురం_నాన్న: అమ్మా, ముందు పేరు చూడండి. మా వాడికి ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది. బడిలో ఇక్కడి అలవాటు ప్రకారం 'టైటిల్' అని చివర రాశారు, మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్ అలాగే వచ్చింది. సీటొచ్చాక రెండు పేర్లూ ఒకరివేనని రుజువు తెమ్మన్నారు. నోటరీ బల్ల ముందు రెండు రోజులు నిలబడ్డాం. వాడు ఫైలు గుండెకు హత్తుకుని నిలబడ్డాడు, నోట మాట లేదు.

జయపురం_మాస్టారు: 25 ఏళ్లుగా ప్లస్ టూకి ఫిజిక్స్ చెబుతున్నాను. విశాఖే పంపండి. అక్కడ 15 శాతం సీట్లు ఏ రాష్ట్రం వాళ్లకైనా ఇస్తారు. భాష మనదే, తిండి మనదే.

పర్లాకిమిడి_వాసి: మాస్టారూ, ఈ మాట నమ్మే మేం మునిగిపోయాం. ఎవరికైనా ఇవ్వరు. అమ్మానాన్నల్లో ఒకరు పదేళ్లు ఆంధ్రాలో ఉండి ఉండాలి, లేదా అక్కడ ప్రభుత్వ ఉద్యోగం చేస్తుండాలి, ఇలా షరతులున్నాయి. మిగతా సీట్లు అక్కడి లోకల్ పిల్లలకే; లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా అక్కడే చదవాలి. మేం మెట్రిక్ అయ్యాక ఇంటర్ రెండేళ్లు మాత్రమే అక్కడ చదివించాం. లోకల్ కాలేదు, 15 శాతంలోనూ రాలేదు. చివరికి మేనేజ్‌మెంట్ సీటు కొన్నాం, పొలం తాకట్టులో ఉంది.

జయపురం_మాస్టారు: గొంతు పెంచకండి. నా శిష్యులు ముగ్గురు అక్కడే చదువుతున్నారు.

పర్లాకిమిడి_వాసి: ఏ కోటాలో వచ్చిందో వాళ్లనే అడిగి చెప్పండి. తెలియకుండా ఇంకో ఇంటిని ముంచకండి!

కొరాపుట్_పిన్ని: మీ గొడవలో ఆ తల్లి అడిగింది పక్కకి పోయింది. ఒడిశాలో బీటెక్‌కి జేఈఈ మెయిన్ ప్రవేశ పరీక్ష ర్యాంకుతో ఓజేఈఈ (ఒడిశా వాళ్ల సీట్ల కేటాయింపు) కౌన్సెలింగ్. మా అమ్మాయి డాక్టరు చదువుకి నీట్ పరీక్ష రాసింది, ప్రభుత్వ కాలేజీల్లో 85 శాతం సీట్లు మన రాష్ట్రానివే. తెలుగు పేపరు ఒడిశా సెంటర్లలో ఉండదు కాబట్టి ఇంగ్లీషులోనే తయారైంది. ఇప్పుడు కొరాపుట్ మెడికల్ కాలేజీలోనే చదువుతోంది. ఆదివారం నా చేతి అన్నం తిని వెళ్తుంది, అంతకంటే ఏం కావాలి!

బరంపురం_స్టూడెంట్: పిన్నిగారూ, అందరికీ ఇంటి పక్కన సీటు రాదు కదా. ఆంటీ, హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రైల్లో పాపను ఒకసారి భువనేశ్వర్ దాకా పంపండి. మీరు పక్క బోగీలో ఉండండి. టికెట్, ఆధార్, ఫోన్ అన్నీ తనే చూసుకోవాలి. మా అమ్మ నన్నలాగే పంపింది.

రాయగడ_అమ్మ: ఇప్పుడే బీరువా తెరిచి చూశాను. మెట్రిక్‌లో ఇంటిపేరు చివరే ఉంది, ఆధార్‌లో ముందుంది. అన్నయ్యగారూ, నన్నేం చేయమంటారు?

గుణుపురం_నాన్న: మెట్రిక్ జోలికి పోకండి. ఆ సర్టిఫికెట్ చూపించి ఆధార్‌లోనే మార్పించండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు, అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే ఇవ్వండి. పరీక్షల దాకా ఆగకండి, రేపే వెళ్లండమ్మా.